మందు కొట్టే ముందు

పండగ ముందు బూజులు దులిపే వారంలో తెలుగిళ్ళలో ఏటా ఒక చిన్న అలజడి రేగుతుంది. బీరువాను గోడ దగ్గర్నుంచి జరుపుతారు, మంచం కింది ట్రంకుపెట్టెను బయటికి లాగుతారు, ఏడాదిగా వెలుగు చూడని మూల బయటపడుతుంది. అక్కడ దుమ్ము, తలవెంట్రుకలు, ఎండిన బొద్దింక రెక్క, వాటి మధ్య నెమ్మదిగా కదిలే గోధుమరంగు పురుగు. ఒళ్ళంతా నూగు. చూసినవారికి ముందుగా గుర్తొచ్చేది మునగచెట్టు మీది గొంగళిపురుగు, దాని వెంట దురద, దద్దుర్లు. చీపురు దెబ్బ పడుతుంది, ఆ వెనకే స్ప్రే డబ్బా వస్తుంది. తలుపులు బిగించి పరుపు మీదా దుప్పట్ల మీదా మందు కొడతారు. రాత్రికి పిల్లలు ఆ గదిలోనే పడుకుంటారు.

ఇంతా చేసి, ఆ పురుగు ఏమిటో ఎవరూ చూడరు. చూడడానికి నిమిషం చాలు. చీపురుపుల్లతో మెల్లగా తెల్లకాగితం మీదికి ఎక్కించి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళండి. పొడవు నాలుగైదు మిల్లీమీటర్లు, బియ్యపు గింజకన్నా కాస్త పొట్టి. వీపు మీద అడ్డంగా ముదురు గోధుమ, లేత గోధుమ పట్టీలు ఒకటి విడిచి ఒకటి. తల దగ్గర సన్నగా మొదలై వెనక్కి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది. వెనక కొసన బంగారు రంగు వెంట్రుకల కుచ్చులు ముడుచుకుని ఉంటాయి. పుల్ల కొనతో అక్కడ తాకితే ఆ కుచ్చులు ఒక్కసారిగా విచ్చుకుంటాయి, పురుగు కదలకుండా నిలిచిపోతుంది. భూతద్దంలో చూస్తే ఆ వెంట్రుకల కొనలు బాణపు ములికి ఆకారంలో ఉంటాయి. తినబోయిన చీమ నోటికీ కాళ్ళకూ అవి ఊడివచ్చి చిక్కుకుంటాయి, ఇక చీమ తన తిప్పలు తాను పడాల్సిందే. అంత చిన్న ఒంటికి ఉన్న రక్షణ అదొక్కటే. కొండి లేదు, విషం లేదు, మనిషి చర్మాన్ని కొరకగల నోరూ కాదు.

ఇది ఆంత్రినస్ అనే ప్రజాతికి చెందిన పెంకుపురుగు పిల్ల. ఇంగ్లీషులో కార్పెట్ బీటిల్ అంటారు, మనవాళ్ళు బట్టల పురుగుల్లో కలిపేస్తారు. పెంకుపురుగులన్నిటిలాగే దీనికీ నాలుగు దశలు: గుడ్డు, లార్వా, ప్యూపా, రెక్కల పురుగు. జీవితంలో ఎక్కువ భాగం లార్వాగానే గడిచిపోతుంది. తిండి, వేడి సరిపడా ఉంటే కొన్ని నెలలు, చల్లటి దేశాల్లో రెండు మూడేళ్ళ దాకా. రెక్కలొచ్చాక బతికేది కొద్ది వారాలే. ఆ రెక్కల పురుగు రెండు మూడు మిల్లీమీటర్ల గుండ్రటి ప్రాణి, వీపంతా తెలుపు, పసుపు, గోధుమ రంగు పొలుసుల మచ్చలు. దానికి బట్టలతో పనిలేదు, పూల మీది పుప్పొడి, మకరందం కావాలి. అందుకే వెలుతురు వెతుక్కుంటూ కిటికీ అద్దం దగ్గర చేరుతుంది. మీ ఇంటి కిటికీ గట్టు మీద ఇలాంటి మచ్చల పురుగులు వెల్లకిలా పడి కనిపిస్తుంటే, లోపల ఏదో మూల వాటి పిల్లలు పెరుగుతున్నాయన్నమాట.

దీన్ని గురించి తెలిసినకొద్దీ చంపాలన్న తొందర కాస్త తగ్గుతుంది. 1950ల చివర్లో బ్లేక్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఆంత్రినస్ వెర్బాసి లార్వాలను వేడీ వెలుతురూ మారని చోట పెంచి చూశాడు. బయట ఏ రుతువు నడుస్తోందో తెలిసే దారి లేకపోయినా అవి ప్యూపాలుగా మారే వేళలు ఏడాదికి కాస్త తక్కువ ఎడంతో విడతలు విడతలుగా వచ్చాయి. నాలుగైదు మిల్లీమీటర్ల ఒంట్లో ఏడాది లెక్క దాగి ఉంది! దీని దాయాది ట్రోగోడెర్మా గ్లాబ్రమ్ సంగతి ఇంకా వింత. దాని లార్వాకు తిండి దొరక్కపోతే కుబుసం విడిచిన ప్రతిసారీ మునుపటికన్నా చిన్నదవుతుంది, తిండి దొరికాక మళ్ళీ పెరుగుతుంది. బీరువా వెనక కనిపించిన పురుగులు అన్నీ బతికున్నవే అనుకుని హడలిపోతాం గానీ వాటిలో చాలా భాగం ఇలా విడిచిన ఖాళీ కుబుసాలే. ఊదితే ఎగిరిపోతాయి.

అలాగని దీనివల్ల నష్టమే లేదనడం అబద్ధమవుతుంది. మనిషికి హాని లేదు, మనిషి వస్తువులకు ఉంది. రక్తం తాగదు, రోగం మోయదు. కుబుసాల నూగు పడక కొందరి చర్మం దురద పెట్టవచ్చు, అంతకుమించి భయపడాల్సింది లేదు. కానీ ఉన్ని, పట్టు, ఈక, తోలు, వెంట్రుక దాని ఆహారం. వెంట్రుక, ఉన్ని, ఈకల్లోని గట్టి మాంసకృత్తును అరిగించుకోగల శక్తి చాలా తక్కువ ప్రాణులకు ఉంది, దీనికి ఉంది. అమ్మమ్మ నాటి పట్టుచీర మడతలో చిల్లులు పడ్డాయంటే ఇది చేసిన పని కావచ్చు. తెలంగాణ పల్లెల్లో ఇంటి పెద్దల గుర్తుగా దాచుకున్న ఉన్ని గొంగడికీ దీని బెడద ఉంటుంది. నూలు బట్టను మామూలుగా ముట్టదు, దాని మీద చెమటో పాయసం మరకో ఉంటే ఆ చోట కొరుకుతుంది. ఉతకకుండా లోపల పెట్టకూడదని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పట్టుబట్టేది ఇందుకే కాబోలు.

వేపాకు సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. పట్టుచీరల మడతల్లో వేపాకో వసకొమ్మో పెట్టే ఆనవాయితీ మనకు ఉంది. ఆ వాసన పురుగును ఏ మేరకు ఆపుతుందో గానీ, ఆకు మార్చడం కోసమైనా ఏడాదికి రెండుసార్లు మడతలు విప్పి, నీడన ఆరేసి, దులిపి, మడత మార్చి పెట్టడం వల్ల చీర బతుకుతుందని మా నమ్మకం. ఈ పురుగుకు కావలసింది చీకటి, ఎవరూ కదపని తావు. ఆ రెండూ లేకుండా చేస్తే చాలు.

అసలు ఇంట్లోకి ఎలా వస్తుంది? ఇంటి ఇల్లాలు శుభ్రంగా ఉంచలేదన్న నింద ఇలాంటప్పుడు ముందుగా పడుతుంది. అది అన్యాయం. తొలకరి వానకు ఉసిళ్ళు ట్యూబులైటు చుట్టూ ముసిరి తెల్లారేసరికి గుట్టలుగా చచ్చిపడతాయి. ఊడ్చినంత ఊడుస్తాం, సోఫా కిందికి, లైటు డోము లోపలికి పోయినవి అక్కడే ఎండుతాయి. ఈ లార్వాలకు అది పెద్ద విందు. హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఏసీ యూనిట్ల మీద పావురాలు పెట్టిన గూళ్ళు, వాటి ఈకలు ఇంకో స్థావరం. ఎలుకల మందు పెట్టాక అటక మీద చచ్చి ఎండిపోయిన ఎలుక మరొకటి. బాల్కనీలో బంతిపూల కుండీ మీదినుంచి రెక్కల పురుగే ఎగిరివచ్చి గుడ్లు పెట్టవచ్చు. ఏ ఇంటికైనా వస్తుంది. మందు వందసార్లు కొట్టినా ఆ గూడో ఆ ఎలుకో అక్కడే ఉంటే పురుగులు మళ్ళీ వస్తాయి. అవి తీసేస్తే మందు అక్కర్లేకుండానే పోతాయి.

ఆంత్రినస్ చేరే పురుగుల కుటుంబానికి డెర్మెస్టిడే అని పేరు. చచ్చినదాన్ని తిని నేలను శుభ్రం చేయడం ప్రకృతిలో దాని వాటా. చికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలోనూ లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలోనూ ఈ కుటుంబపు పురుగులను ప్రత్యేకంగా పెంచుతారు. జంతువుల ఎముకలకు అంటుకున్న ఎండుమాంసాన్ని, ఎముక చెక్కుచెదరకుండా ఒలిచి పెట్టడంలో మనిషి చేతికన్నా వాటి పని నాజూకు. అలాంటి మ్యూజియాల్లోనే ఇంకోచోట, పిన్నులు గుచ్చి దాచిన సీతాకోకచిలుకల పెట్టెల్లోకి ఆంత్రినస్ చొరబడకుండా కాపలా కాస్తుంటారు. మన హిందూపురం వైపు పట్టుగూళ్ళు నిల్వచేసేవారికీ డెర్మెస్టిస్ పురుగులు పాత శత్రువులే, గూటిలోని ప్యూపా వాసనకు వస్తాయి. పని ఒకటే, చోటును బట్టి మిత్రుడో శత్రువో అవుతుంది.

పరుపు మీద ఇలాంటి పురుగు కనిపిస్తే మాత్రం చాలామంది నల్లి అనుకుని బెంబేలెత్తుతారు. ఒంటి మీద ఎక్కడో దద్దు ఉంటే ఇక అనుమానమే లేదు. నల్లికి లార్వా దశ లేదు. గుడ్డులోంచి వచ్చేది కూడా చిన్న నల్లే, చప్పిడి ఒళ్ళు, ఆరు కాళ్ళు ఉంటాయి, నూగు, పట్టీలు ఏవీ ఉండవు. ఈ ఒక్క సంగతి తెలిస్తే పరుపు పారేయడం, ఇల్లు ఖాళీ చేయడం లాంటి తొందరపాట్లు తప్పుతాయి. దద్దుకు దోమో, కొత్త సబ్బో కారణమై ఉండవచ్చు. తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. పరుపు మీది ఆ పాపం పురుగు మాత్రం కరిచి ఉండదు.

ఏ పురుగైనా దొరికినప్పుడు మొదట చూడాల్సింది కాళ్ళు. తల వెనక, ఛాతీ భాగంలో మూడు జతల కాళ్ళుండి, ఆ వెనక పొట్ట కింద ఇంకేమీ లేకపోతే అది చాలావరకు పెంకుపురుగు పిల్ల. ఆ మూడు జతలతో పాటు పొట్ట కింద మెత్తటి బొడిపెల్లాంటి కాళ్ళు కూడా ఉంటే సీతాకోకచిలుక జాతి, అంటే గొంగళిపురుగు. కాళ్ళే లేకుండా, తల ఎక్కడుందో తెలియకుండా పాకుతుంటే ఈగ జాతి. బాత్‌రూమ్ జాలీ దగ్గర తడిలో మెలికలు తిరిగే సన్నని నల్లటి పురుగులు ఇందులోకే వస్తాయి, అవి మురుగు గొట్టంలోని జిగురులో పెరిగే చిన్న ఈగల పిల్లలు. పసిపిల్లవాడి కడుపులోంచి పడ్డాయేమోనని తల్లులు కంగారు పడేది వాటిని చూసే. బ్రష్షు పెట్టి జాలీ లోపలి జిగురు గీకి మరిగే నీళ్ళు పోస్తే సరిపోతుంది. కాళ్ళ లెక్కకు మినహాయింపులు ఉన్నాయి. బియ్యపు గింజ లోపల పెరిగే ముక్కుపురుగు పిల్లకు కాళ్ళు ఉండవు, కానీ అది గింజ విడిచి బయటికి రాదు గనుక మనకు ఎదురుపడదు.

ఇక్కడే గోడ మీది గూటిపురుగును కూడా కలుపుకోవాలి. అది పెంకుపురుగు కాదు, సీతాకోకచిలుక జాతి పిల్ల, అయినా తెలుగిళ్ళలో దానిమీద వచ్చినన్ని అనుమానాలు దేనిమీదా రావు. సున్నం గోడ మీద దోసగింజలా బూడిదరంగు పొట్లం ఒకటి అంటుకుని ఉంటుంది. సెంటీమీటరు పొడవు, నడుమ వెడల్పు, రెండు కొసల్లోనూ సన్నటి సందు. మురికి అనుకుని వదిలేస్తాం. కాసేపు కదపకుండా చూస్తే ఒక కొసలోంచి నల్లటి తల, ఆరు కాళ్ళు బయటికి వస్తాయి, గోడను పట్టుకుని గూటిని తన వెంట ఈడ్చుకుంటూ పోతుంది. మనం అడ్డం పెడితే లోపలికి పోయి, గూట్లోనే తిరగేసుకుని, రెండో కొసలోంచి తల బయటపెట్టి వచ్చిన దారినే వెళుతుంది. ఇసుక, దుమ్ము, నూలు పోగులను తన పట్టుదారంతో కలిపి ఆ గూడు తానే అల్లుకుంటుంది. తినేది సాలెగూళ్ళు, రాలిన వెంట్రుకలు. సాలెగూళ్ళు దులిపితే అదీ తగ్గిపోతుంది. స్కూలు పిల్లలున్న ఇంట్లో దాన్ని ఒక పూట గాజు గ్లాసు కింద పెట్టి చూపిస్తే పిల్లలు కదలరు.

వంటింట్లో వాడుక పేర్లు మనకు బాగానే ఉన్నాయి: లక్కపురుగు, ముక్కుపురుగు, పుచ్చుపురుగు. బియ్యంలో పురుగు పుట్టిందంటాం, తానంతట తానే పుట్టినట్టు. ఐరోపాలోనూ అలాగే అనుకునేవారు. 1668లో ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో రెడీ మాంసం ఉంచిన పాత్రలకు గుడ్డ కట్టి, ఈగ వాలకపోతే పురుగు రాదని చూపించాడు. పప్పుల విషయంలో అది కంటికే కనిపిస్తుంది. పెసలు, కందులు, అలసందల మీద తెల్లటి చుక్కలు అతుక్కుని ఉన్నాయా? అవి పుచ్చుపురుగు గుడ్లు. పిల్ల అక్కడినుంచే గింజలోకి తొలుచుకుపోయి లోపలే పెరిగి, చివరికి గుండ్రటి కన్నం చేసుకుని పెంకుపురుగై బయటికి వస్తుంది. గింజలకు ఆముదం పట్టించి ఉంచడంలో ఉన్న మర్మం ఇదే: నూనె పూత మీద గుడ్డు నిలవదు, నిలిచినా పొదగదు. రవ్వ, పిండిలో కనిపించే లేత పసుపు సన్నని పురుగు లక్కపురుగు జాతి పిల్ల కావచ్చు. తోక కొసన రెండు చిన్న ముళ్ళలాంటివి ఉంటే అనుమానం తీరినట్టే. ఇవి కరవవు, వీటివల్ల రోగం రాదు. ఒకటీ అరా కనిపిస్తే జల్లించి ఎండబెట్టుకోవచ్చు. పిండి గులాబీరంగుకు తిరిగి ఘాటు వాసన వేస్తుంటే మాత్రం దాచుకోవద్దు, పురుగులు వదిలే రసాయనాల వాసన అది. గింజలను మండుటెండలో నల్ల ప్లాస్టిక్ పట్టా మీద పలుచగా ఆరబోస్తే లోపలి పురుగు కూడా చాలావరకు పోతుంది.

మేడ మీద కుండీలు పెట్టుకునేవారికి వేరే భయాలు. వంటింటి చెత్తతో ఎరువు చేసుకునే డబ్బా తిరగేస్తే బొటనవేలంత తెల్లటి పురుగు, ఒళ్ళు అర్ధచంద్రంలా వంచుకుని బయటపడుతుంది. వేరుపురుగేమోనని చంపేస్తారు. చంపే ముందు దాన్ని గచ్చు మీద వేసి చూడండి. కాళ్ళు పైకెత్తి వీపు మీద పాకుతూ పోతుందా? అయితే అది పూల పెంకుపురుగు పిల్ల. కుళ్ళిన ఆకును తిని ఎరువుగా మార్చడమే దాని పని, తిరిగి డబ్బాలో వేసేయవచ్చు. కాళ్ళ మీద నడవబోయి పక్కకు ఒరిగిపోతుంటే కొమ్ముపురుగు పిల్ల కావచ్చు, వేరుపురుగూ కావచ్చు. మొదటిది కుండీకి చేసే చేటు లేదు గానీ పెద్దదయ్యాక కొబ్బరి మొవ్వు తొలుస్తుంది, కోనసీమలో దాన్ని ఎవరూ క్షమించరు. దొడ్లో కొబ్బరిచెట్టు ఉన్నవాళ్ళు ఏరేయడమే మంచిది. వీపు మీద నడిచే పురుగును చూసిన పిల్ల జన్మలో దాన్ని మరచిపోదు.

మందారం, కరివేపాకు కొమ్మల మీద జరిగే పొరపాటు ఇంకా బాధాకరం. పేనుబంక పట్టిన కొమ్మ మీద నారింజ మచ్చల నల్లటి పొడుగు పురుగు, ముళ్ళు, ఆరు కాళ్ళతో చకచకా తిరుగుతుంటే అదే తెగులని మందు కొడతాం. అది అక్షింతల పురుగు పిల్ల. తల్లికన్నా ఆకలి ఎక్కువ, పేనుబంకను తినడానికే అక్కడికి వచ్చింది. పిండినల్లి మీద పనిచేసే క్రిప్టోలీమస్ పిల్లకైతే ఇంకా కష్టం వచ్చింది, అది చూడ్డానికి పిండినల్లిలాగే తెల్లటి మైనపు పోగులతో ఉంటుంది. పిండినల్లి ఉన్నచోటే నింపాదిగా ఉంటుంది, ఇది దానికి రెండింతలు మించి పెరుగుతుంది, వేగంగా నడుస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఈ పురుగును 1898లో మన దేశానికి పనిగట్టుకుని తెచ్చారు. అంత దూరం నుంచి సాయానికి పిలిచిన ప్రాణిని కుండీలో చూసి చంపుకుంటున్నాం.

వానాకాలంలో పల్లెటూళ్ళలో నూతి గట్టు దగ్గర, స్నానాల గది గోడ వారన పొరలు పొరలుగా కవచం తొడిగినట్టున్న నల్లటి చదును పురుగు ఒకటి కనిపిస్తుంది. జెర్రి పిల్ల అని చెప్పు తీస్తారు. దీపం ఆర్పి చూస్తే తోక దగ్గర రెండు ఆకుపచ్చ చుక్కలు వెలుగుతాయి. మిణుగురు పిల్ల అది. మిణుగురూ పెంకుపురుగే. పిల్ల వేటాడేది నత్తలను. మిణుగురులు తగ్గిపోతున్నాయని దిగులుపడే మనం వాటి బాల్యాన్ని గుర్తుపట్టకపోవడం పెద్ద వెలితి.

ఇన్ని పురుగుల సంగతి ఇంత వివరంగా చెప్పుకోవడానికి కారణం ఉంది. గుర్తుపట్టకపోతే మన చేతికి వచ్చేది విషమే. గోదాముల్లో ధాన్యానికి పొగబెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను ఇళ్ళలో బియ్యం డబ్బాల్లో, మంచాల కింద పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటినుంచి ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. దానికి విరుగుడు మందు లేదు. చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు, పెస్ట్ కంట్రోల్ నిపుణుల పర్యవేక్షణలోనే వాటిని వాడాలి. అయినా పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే ప్రాణాలు విడిచిన వార్తలు దేశంలో ఎక్కడో ఒకచోట నుంచి వస్తూనే ఉన్నాయి. ఒకప్పుడు ప్రతి ఇంట్లో బొద్దింకలకు కొట్టిన డైక్లోర్‌వాస్‌ను కేంద్రం 2018లో ఉత్తర్వు ఇచ్చి 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించింది. అటక మీద పాత సీసా మిగిలి ఉంటే అది ఇప్పుడు ఇంట్లో ఉండదగిన వస్తువు కాదు. కలరా ఉండలని మనం పిలుచుకునే నాఫ్తలీన్ గోళీలకూ ఇంత చెప్పాలి. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన పసికందుకు ఆ గోళీల మధ్య దాచిన బట్టలు తొడిగితే, దుప్పటి కప్పితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదరవచ్చు. బిడ్డకు ఆ లోపం ఉందని తల్లికి ముందుగా తెలిసే అవకాశం తక్కువ. బారసాల నాడు పెట్టె అడుగునుంచి తీసిన పట్టుబట్టను ఎండలో ఆరేసి, ఉతికి గానీ తొడగవద్దు.

ఒక పక్క కొరకడం చేతకాని నాలుగు మిల్లీమీటర్ల పురుగు. ఇంకో పక్క బిడ్డ ఊపిరి. తూకం ఎటు మొగ్గాలో చెప్పనక్కర్లేదు, కానీ భయపడ్డ క్షణంలో మనం రెండో పక్కను మరచిపోతున్నాం.

గుర్తుపట్టడమంటే ప్రతిదాన్నీ క్షమించి వదిలేయడమనుకోకూడదు. ఇదే డెర్మెస్టిడే కుటుంబంలో ఖాప్రా పురుగు ఉంది. పుట్టిల్లు మన ఉపఖండమేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. దాని లార్వా తిండి లేకుండా గోదాము గోడ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండగలదు, లేచాక ధాన్యాన్ని పొట్టుగా మార్చేస్తుంది. 1953లో కాలిఫోర్నియాలో బయటపడ్డాక దాన్ని ఏరిపారేయడానికి అమెరికాకు పదేళ్ళకు పైగా పట్టింది. అక్కడున్న మన పిల్లల కోసం సూట్‌కేసులో సోనామసూరి మూట పెట్టుకుని దిగే తల్లిదండ్రులను విమానాశ్రయంలో ఆపేది ఈ పురుగు కోసమే. ఖాప్రా ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం తేవడాన్ని అమెరికా నిషేధించింది. ఆ అధికారి మొరటుగా ప్రవర్తిస్తున్నాడని నొచ్చుకునేవారికి మూటలో ఉండగలిగేది ఏమిటో తెలిస్తే కోపం కొంత తగ్గుతుంది. ఖాప్రా లార్వాకూ మన బీరువా వెనక లార్వాకూ పోలిక దగ్గరిది. కచ్చితంగా తేల్చాలంటే సూక్ష్మదర్శిని, అలవాటైన కన్ను రెండూ కావాలి. ధాన్యం నిల్వచేసే చోట నూగు పురుగులు గుంపులుగా కనిపిస్తే సొంత తీర్పు పనికిరాదు.

మరి ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నకు పట్నాల్లో సరైన జవాబు లేకపోవడం మాకు పట్టుకున్న దిగులు. దక్షిణ భారతపు పురుగుల మీద కీటకశాస్త్రవేత్త ఫ్లెచర్ 1914లోనే పెద్ద పుస్తకం రాశాడు, రామకృష్ణ అయ్యర్ 1940లో వ్యావసాయిక కీటకశాస్త్రానికి కరదీపిక అందించాడు. ఇంత పాత విద్య మనది. జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఉన్నాయి, అక్కడి కీటకశాస్త్రవేత్తలు రైతు తెచ్చిన పురుగును చూసి పేరు చెబుతారు. ఇంట్లో పురుగు దొరికిన గృహిణి అక్కడికి వెళ్ళవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. డిగ్రీ కాలేజీల్లో జువాలజీ విభాగాలు ఏడాదిలో ఒక వారం తలుపులు తెరిచి, ఊళ్ళోవాళ్ళు తెచ్చిన పురుగులను పిల్లల చేత గుర్తింపజేస్తే ఖర్చేమీ కాదు. విద్యార్థులకు నిజమైన నమూనాలు దొరుకుతాయి, ఊరికి భయం తీరుతుంది. సైన్సు టీచర్లు వందల రూపాయల్లో దొరికే భూతద్దాలు నాలుగు కొని తరగతిలో ఉంచినా చాలు.

అడగడానికి వెళ్ళేటప్పుడు చితికిపోయిన పురుగును టిష్యూలో చుట్టి తీసుకెళితే ఎవరూ ఏమీ చెప్పలేరు. బతికున్నదాన్ని మూతున్న చిన్న సీసాలో వేయండి, లేదా సర్జికల్ స్పిరిట్‌లో ముంచి పెట్టండి. ఫోనులో ఫోటో తీస్తే పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, కాళ్ళు కనిపించేలా ఇంకొకటి తీసి, పక్కన స్కేలు పెట్టండి. సీసా మీద చీటీ అంటించి ఏ తేదీన, ఏ గదిలో, దేని మీద దొరికిందో రాయండి. పట్టుచీర మడతలోనా, కందిపప్పు డబ్బాలోనా, కుండీ మట్టిలోనా అన్నది తెలిస్తే చూసేవారికి సగం పని అక్కడే తేలిపోతుంది.